ఒక ఫౌజ్‌దారు చిత్రపటం: కొన్ని ఆలోచనలు

కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం ప్రాంతపు ఒక ఊరి నుండి నలుగురైదుగురు యువకులు నా దగ్గరకు వచ్చారు. తమ ప్రాంతపు ముస్లిముల చరిత్రను గురించి ఒక ప్రత్యేక సంచిక వేయాలని వారి సంకల్పం. వారి చేతిలో ఒక రంగుల చిత్రం ఉంది. ఏదో విదేశీ గ్రంథంలోని బొమ్మకు తీసిన నకలు. దాని అడుగున పారసీలో ఒక చిన్న పంక్తి ఉంది. దానిని చదివి తెలుగు చేసిపెట్టమని కోరారు. పంక్తిలో ఉన్నవి మూడే మాటలు: ‘షబీహె షేర్ ఖాన్’. నేను క్షణం కూడా ఆలోచించకుండా ‘షేర్ ఖాన్ చిత్రపటం’ అన్నాను. వారి ముఖాలు వికసించాయి. “అయితే మన షేర్ మొహమ్మద్ ఖానే, సందేహం లేదు” అన్నారు. నేను కాదనలేదు. అనువాదకుడిగా ఇరవై ఏళ్లు పనిచేసిన తరువాత కూడా చేసిన తప్పిది. ఈ వ్యాసం ఆ తప్పును దిద్దుకోవడానికే.

షేర్ మొహమ్మద్ ఖాన్ ఎవరో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున శ్రీకాకుళం సర్కారును ఏలిన ఫౌజ్‌దారు. శ్రీకాకుళంలోని జామియా మసీదు ఆయన 1641లో కట్టించినది. 1652లో ఆయన విశాఖ ప్రాంతానికి తరలివచ్చినప్పుడు ఆయన పరివారంలో పెద్దరాయుడు, పూసపాటి మాధవవర్మ అనే ఇద్దరు వీరులు ఉన్నారనీ, మొదటివాని వంశం బొబ్బిలిలోను, రెండవవాని వంశం విజయనగరంలోను నిలిచాయనీ గెజెటీర్లు వ్రాశాయి. అంటే 1757లో ఒకరి నెత్తురు ఒకరు కళ్లజూసిన రెండు వంశాలూ ఈ ఒక్క ఖాను వెంట వచ్చినవే. ఇటువంటి మనిషికి ఒక ముఖం ఉంటే బాగుండునని ఆ యువకులకు తోచడం సహజం. వారిలో ఒకడు తన యాసలోనే అన్నాడు: “ఎన్ని పేజీలు రాసినా బొమ్మ నేకపోతే ఎవుడు సూస్తాడు, సాయిబుగారూ?”

ముందు బొమ్మలో ఏముందో చెబుతాను. ఆకుపచ్చని చదునైన నేపథ్యం. పాదాల వద్ద నాలుగు గడ్డిపరకలు. ఒక నడివయస్కుడు నిలబడి ఉన్నాడు. ముఖం పూర్తిగా ప్రక్కకు తిరిగి ఉంది. ఒక కన్నే కనబడుతుంది. గడ్డం పొందికగా కత్తిరించి ఉంది. చీలమండల దాకా జారిన తెల్లని సన్నని జామా. దాని ముడి కుడి చంక క్రింద ఉంది. నడుముకు జరీ పట్కా, అందులో దోపిన కటారు. ఎడమచేతిలో ఒరతో కూడిన ఖడ్గం, దాని మీద ఆనించిన బరువు. కుడిచేతి రెండు వ్రేళ్ల మధ్య ఒక పువ్వు. దాన్ని ముక్కు దాకా తీసుకుపోలేదు, క్రిందికీ దించలేదు. అంతే. వెనుక కోట లేదు, గుర్రం లేదు, సైన్యం లేదు.

వచ్చినవారిలో ఒకడికి ఆ పువ్వు నచ్చలేదు. “ఫౌజుదారంతారు, సేతిలో పువ్వేటండి?” అన్నాడు. ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. దొరల కాలం నుండి దక్కను పటాలను చూసినవారు చాలామంది ఈ పువ్వును చూసే ఆ ప్రభువులను విలాసపురుషులని తీర్పు చెప్పారు. పువ్వు పట్టిన చేయి కత్తి పట్టలేదట! వారు రెండవ చేతిని చూడలేదు. పారసీ సాహిత్యం చదువుకున్న ఏ విద్యార్థికైనా ‘రజ్మ్’, ‘బజ్మ్’ అనే జంట మాటలు తెలుసు. రజ్మ్ అంటే రణం. బజ్మ్ అంటే కొలువు, గోష్ఠి. ప్రభువు అనిపించుకోవాలంటే రెండింటిలోను రాణించాలి. రణరంగంలో వెనుదీసినవాడు ఎంత తక్కువవాడో, సభలో ఎలా కూర్చోవాలో తెలియనివాడూ అంతే తక్కువవాడు. చిత్రకారుడు ఒక చేతిలో రజ్మ్‌ను, ఒక చేతిలో బజ్మ్‌ను పెట్టాడు. రెండు చేతులనూ కలిపి చదివితేనే వాక్యం పూర్తవుతుంది. ఒక చేతినే చదవడం క్రియను వదిలేసి కర్తను మాత్రం అనువదించినట్లు.

ఇక నేను చేసిన పొరపాటు సంగతి. ‘షబీహ్’ అన్న మాటను ‘చిత్రపటం’ అని తేలికగా దాటించేశాను. నిఘంటువు ఒప్పుకుంటుంది. కాని ఆ మాట పుట్టిన ధాతువు షీన్-బే-హే. ‘పోలి ఉండడం’ అని దాని అర్థం. అరబ్బీ అలంకారశాస్త్రంలో ‘తష్బీహ్’ ఆ ధాతువు నుండి వచ్చినదే. తష్బీహ్ అంటే మన ఉపమ. మదరసాలో నేను తష్బీహ్ పాఠం చదివిన పదేళ్లకు విశ్వవిద్యాలయంలో తెలుగు అలంకారాలు చదివాను. అప్పుడు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ గుర్తుంది. వీరికీ నాలుగు అంగాలే, వారికీ నాలుగు అంగాలే. ఉపమేయం, ఉపమానం, ఉపమావాచకం, సమానధర్మం అని మనవారు అంటే, ముషబ్బహ్, ముషబ్బహ్ బిహీ, అదాత్, వజ్హె షబహ్ అని వారన్నారు. ఈ నాలుగవదాని దగ్గర పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. సమానధర్మానికి అరబ్బులు పెట్టిన పేరులోని ‘వజ్హ్’ అన్న మాటకు మొదటి అర్థం ముఖం. వజ్హె షబహ్: పోలిక యొక్క ముఖం. రెండు వస్తువులు దేనిలో పోలి ఉన్నాయో అదే ఆ పోలికకు ముఖం.

‘ఆమె ముఖం చంద్రునివలె ఉంది’ అన్నప్పుడు సమానధర్మం ఆహ్లాదకత్వం. చంద్రునిలోని మచ్చ కాదు, క్షయం కాదు. ఎవడైనా మచ్చను పట్టుకుంటే వాడికి ఉపమ తెలియదంటాం. దర్బారీ చిత్రపటం కూడా అటువంటి ఉపమే. అందులో సమానధర్మం ఆ మనిషి హోదా. ఏ పట్కా కట్టుకోవడానికి అర్హుడు, ఏ ఖడ్గం బహుమానంగా పొందాడు, పాదుషా ముందు ఎలా నిలబడగలడు - ఇవన్నీ అందులో ఉన్నాయి. అతడు దయాళువా, క్రూరుడా, భార్యాబిడ్డలతో ఎలా ఉండేవాడు - ఇవి అందులో లేవు. చిత్రకారుడికి చేతకాక కాదు. ఆ పని అతనికి ఎవరూ అప్పగించలేదు. మనం మాత్రం పటంలోని కన్ను వంక చూసి ‘ఎంత కపటం!’ అనో, ‘ఎంత గాంభీర్యం!’ అనో వ్రాసేస్తాం. సనదు చదివి దానిలో ఆత్మకథ వెతకడం వంటిది ఇది.

అక్బర్ పాదుషా తన ఉమరాలందరి పటాలూ వ్రాయించి ఒక పెద్ద సంపుటిగా కట్టించాడని అబుల్ ఫజల్ చెబుతాడు. ఆ సంపుటి ఒక విధమైన హాజరుపట్టీ. జహంగీరు కాలం వచ్చేసరికి ముఖాలలో పోలిక అద్భుతమైన స్థాయికి చేరింది. 1613లో ఆయన ఇరానుకు రాయబారిని పంపుతూ షా అబ్బాస్ పటం వ్రాసి తేవడానికి బిషన్‌దాస్ అనే చిత్రకారుణ్ణి వెంట పంపాడు. ఆ దర్బారు చిత్రకారులు తలచుకుంటే ఏమి చేయగలరో 1618 నాటి ఇనాయత్ ఖాన్ చిత్రం చెబుతుంది. నల్లమందుకు లోబడి ఎముకల గూడుగా మారి చావుకు సిద్ధమైన ఆ ఉద్యోగిని చూసి పాదుషా ఆశ్చర్యపడి, అలాగే చిత్రించమన్నాడు. డొక్కలు, గుంటపడ్డ కళ్లు, దిండ్ల మధ్య ఒరిగిన శరీరం - ఏదీ దాచలేదు. అక్కడ జామా లేదు, పట్కా లేదు, పువ్వు లేదు. హోదా తొలగినప్పుడు మనిషి కనిపించాడు! దర్బారీ పటం దేనిని మినహాయిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను చూడలేదు.

గోల్కొండ సంగతి కొంత వేరు. 17వ శతాబ్దం ద్వితీయార్ధంలో అక్కడ పాదుషాల, సేనానుల పటాలు సంపుటాలుగా తయారై పరదేశులకు అమ్ముడుపోయేవి. ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలకుడు నికోలాస్ విట్సన్ చేరిన అటువంటి సంపుటి ఒకటి నేటికీ ఆ నగరపు మ్యూజియంలో ఉంది. అందులో 49 పటాలు; 1686 ప్రాంతానివి. మన భీమునిపట్నంలో సమాధుల రూపంలో మిగిలిన డచ్చివారి తోటివారే ఈ పటాల కొనుగోలుదారులు. అంతకు ముందే, 1656-61 ప్రాంతంలో, రెంబ్రాంట్ అంతటివాడు మొగలాయి పటాలను ముందు పెట్టుకొని నకళ్లు గీసుకున్నాడు. గిరాకీ ఉన్నచోట వేగం అవసరం. వేగానికి ‘చర్బా’ ఉంది. పలుచగా చేసిన జింకతోలు మీద మూలచిత్రం గీతలను ఎత్తుకొని, ఎన్ని నకళ్లు కావాలంటే అన్ని దింపుకోవచ్చు. ఒకే శరీరం మీద పాగా రంగు మార్చి వేరే పేరు వ్రాస్తే వేరే ఖాను అవుతాడు. పేరు కూడా చిత్రకారుడే వ్రాయాలన్న నియమం లేదు. కొన్నవాడు వ్రాయించుకోవచ్చు, రెండు తరాల తరువాత ఎవరో ఊహించి వ్రాయవచ్చు.

నా ముందున్న బొమ్మలో ఆ మూడు మాటల దస్తూరీ చూస్తే వణుకుతున్న నస్తాలీఖ్. బొమ్మ గీసిన చేయి అంత స్థిరమైనది. వ్రాసిన చేయి అంత అస్థిరమైనది. ఇది మొదటి రాత్రే గమనించవలసింది. రెండవది జామా పొడవు. అక్బరు నాడు మోకాళ్ల దగ్గర ఉన్న జామా అంచు, శతాబ్దం సాగిన కొద్దీ క్రిందికి దిగుతూ, ఔరంగజేబు కాలానికి చీలమండలు తాకింది. బొమ్మలోనిది చీలమండలు తాకిన జామా. 1641లో మసీదు కట్టించిన మనిషిది కావడం కంటే, ముప్పై నలభై ఏళ్ల తరువాతి పటం కావడానికే అవకాశం ఎక్కువ. మూడవది పేరు. షేర్ ఖాన్ అనేది ఒక మనిషి పేరు మాత్రమే కాదు, బిరుదు కూడా. షేర్ షా సూరి పాదుషా కాకముందు షేర్ ఖానే. బీజాపూరు తరఫున తమిళదేశాన్ని పాలించి 1677లో శివాజీ చేతిలో ఓడిన షేర్ ఖాన్ లోడీ ఉన్నాడు. కాలాన్ని బట్టి అతడికే ఈ పటం ఎక్కువ దగ్గర. అయినా అతడే అని నేననను. ఒక తప్పు చేసినవాడు రెండవది చేయడానికి తొందరపడకూడదు.

ఈ సందర్భంలో మరొక పాఠకుడు గుర్తుకు వస్తాడు: బొమ్మ వంక చూడనే చూడనివాడు. నాకు పారసీ నేర్పిన గురువుగారు అటువంటివారే. పునరుత్థాన దినాన చిత్రకారులను తమ సృష్టికి ప్రాణం పొయ్యమంటారన్న హదీసు వినిపించి, పుస్తకంలో బొమ్మ ఉన్న పేజీని మడిచిపెట్టేవారు. ఆయన నిష్ఠను నేను తేలికగా తీసిపారవేయను. అయితే హజ్రత్ ఆయిషా (రజి) ఇంటి తెర హదీసు కూడా ఆయన చెప్పినదే. బొమ్మలున్న తెర వ్రేలాడినప్పుడు ప్రవక్త (స) అయిష్టం చూపారు. దాన్ని చింపి దిండ్లు చేసినప్పుడు అభ్యంతరం చెప్పలేదు. ఫకీహులు దీని మీద ఎంతో చర్చించారు. మన విషయానికి కావలసింది ఇంతే: బొమ్మ ఎక్కడ ఉంది, దానికి ఎటువంటి గౌరవం జరుగుతోంది అన్నది మొదటి నుండి ఒక ప్రశ్నే. దర్బారీ పటాలు గోడ మీద వ్రేలాడేవి కావు. ‘మురక్కా’ అనే సంపుటిలో, మంచి దస్తూరీ నమూనాల ప్రక్కన, అట్టల మధ్య మూసి ఉండేవి. గోడ మీదికి ఎక్కించి ముందు నిలబడే అలవాటు తరువాత వచ్చింది. మా గురువుగారు పేజీ మడిచినప్పుడు తెలియకుండానే మురక్కా పద్ధతిని పాటించారేమో!

సిపాయి సంగతి ఏమిటి? పటం వ్రాయించుకునే స్థోమత లేనివాడికి ముఖం లేదా? ఉంది, ఇంకా స్పష్టంగా ఉంది. మొగలాయి సైన్యంలో ‘చెహ్రా నవీసీ’ అనే పద్ధతి ఉండేది. కొలువులో చేరిన ప్రతి రౌతుకు ఒక వర్ణనపత్రం వ్రాసేవారు: పేరు, తండ్రి పేరు, తెగ, పుట్టిన చోటు, వయసు, ఆపైన చామనఛాయ, విశాలమైన నుదురు, ఎడమైన కనుబొమలు, మశూచి మచ్చలు, ఎడమ చెంప మీద కత్తిగాటు - ఈ తరహాలో. గుర్రానికి ‘దాగ్’, అంటే కాల్చిన ముద్ర, మనిషికి చెహ్రా. లెక్కకు ఒకడిని చూపి జీతానికి మరొకడిని నిలబెట్టే మోసాన్ని ఆపడానికి ఈ ఏర్పాటు. చెహ్రా అంటే ముఖమే. దస్త్రంలో రౌతుకు గాటుతో సహా ముఖం దక్కింది. రంగుల పటంలో అతడి ఫౌజ్‌దారుకు నునుపైన చెంప దక్కింది. యుద్ధాలు చేసిన మనిషి చెంప అంత నునుపుగా ఉండదని చిత్రకారుడికి తెలియదా? తెలుసు. గాటు వ్రాస్తే అది చెహ్రా అవుతుంది, షబీహ్ కాదు.

కుడి చంక క్రింది ముడిని గురించి కూడా ఒక మాట. దర్బారులో హిందూ ముస్లిం ప్రభువులందరిదీ ఒకే జామా. ముస్లిములు కుడివైపు ముడివేసేవారు, హిందువులు ఎడమవైపు. పటంలో మనిషి మతం తెలిసేది తరచు ఈ ఒక్క ముడి వల్లనే. పాగా, పట్కా, కటారు, నిలబడే తీరు అన్నీ ఉమ్మడి. ఇది మన ఉత్తరాంధ్ర సంస్థానాలకు బాగా వర్తిస్తుంది. విజయనగరం ప్రభువుల పూర్తి బిరుదావళి చూడండి: ‘మీర్జా’తో మొదలై ‘మన్నె సుల్తాన్ బహద్దర్’తో ముగుస్తుంది. మీర్జా పారసీ, మన్నె తెలుగు, సుల్తాన్ అరబ్బీ. వారి వంశచిహ్నంలో రెండు మొనల ఖడ్గం జుల్ఫికార్ ఉంది. హజ్రత్ అలీ (రజి) ఖడ్గం పేరది. ఔరంగజేబు వంశకర్తలలో ఒకరికి ఫర్మానాతో పాటు అటువంటి కత్తిని ఇచ్చాడని చెబుతారు. నెల్లిమర్ల దారిలోని పొలాల మీద అధికారానికీ అరేబియాలోని ఒక యోధుని ఖడ్గానికీ సంబంధమేమిటని అడిగితే, ఆ అడిగినవాడికి దర్బారీ పటం చదవడం రాదన్నమాట. అది విశ్వాసానికి గుర్తు కాదు, హోదాకు గుర్తు.

షేర్ మొహమ్మద్ ఖాన్ షబీహ్ నిజంగా ఎక్కడుందంటే, నేను బొబ్బిలి వైపు చూపిస్తాను. తన పోషకుడి గౌరవార్థం పెద్దరాయుడు తాను కట్టిన ఊరికి ‘పెద్దపులి’ అని పేరు పెట్టాడనీ, అదే పెబ్బులి, బెబ్బులి, బొబ్బిలి అయిందనీ గెజెటీరులోని ఐతిహ్యం. భాషాశాస్త్రజ్ఞులు ఏమంటారో వారికి వదిలిపెడదాం. నాకు ఆసక్తి కలిగించేది అందులోని అనువాదం. పారసీలో షేర్ అంటే సింహం. హిందూస్తానంలో ఆ మాట పులికీ చెల్లింది. పెద్దరాయుడు సింహాన్ని వదిలి పులిని ఎంచుకున్నాడు, ఎందుకంటే మన్యంలో తిరిగేది పులే. మూలానికి నమ్మకంగా ఉంటూనే తన నేలకు సరిపోయే మాటను తెచ్చాడు. ఈ వృత్తిలో ఉన్నవాడిగా ఆయన ముందు నేను పాగా దించుతాను.

మరొక సింహం కూడా ఆ ఊరికి వచ్చింది. ‘హైదర్’ అన్నా సింహమే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడిన బుస్సీ సేనలో అతని దివాను హైదర్ జంగ్ ఉన్నాడు. బుర్రకథలో హైదర్ జంగ్ లంచం తిన్న కపటి; వెండితెర మీద కూడా అంతే. ఆ రూపమే మన పిల్లల మనసులో ఫౌజ్‌దారీ తురకకు స్థిరమైన ముఖమైపోయింది. కథకుణ్ణి నేను తప్పుపట్టను. అతడు గీసిందీ షబీహే. అందులో సమానధర్మం ద్రోహం. కోటలో ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ల కోసం ఏడ్చే కథకు అటువంటి ముఖం ఒకటి కావాలి. తప్పు దాన్ని చెహ్రాగా చదివేవారిది. 1758లో ఔరంగాబాదులో హత్యకు గురైన ఆ మనిషి నిజంగా ఎటువంటివాడో కథ వల్ల తెలియదు, నిజానికి పటం ఉన్నా తెలిసేది కాదు.

శ్రీకాకుళానికి ఫౌజ్‌దారుగా ఉండి తరువాత ఆర్కాటు నవాబైన అన్వరుద్దీన్ ఖాన్ 1749లో ఆంబూరు యుద్ధంలో మరణించాడు. ఆయన కుమారుడు మొహమ్మద్ అలీ వాలాజా మద్రాసులో టిల్లీ కెటిల్, జార్జ్ విల్లిసన్ అనే బ్రిటిష్ చిత్రకారుల చేత నిలువెత్తు తైలవర్ణ పటాలు వ్రాయించుకుని ఇంగ్లండుకు కానుకలుగా పంపాడు. అప్పులవాళ్ల మధ్య, కంపెనీ మధ్య నలుగుతున్న నవాబుకు ఆ పటం ఒక వకీలు. ముఖం మనవైపు తిరిగింది. పటం మురక్కా వదిలి గోడకెక్కింది. మనం నేడు పటం అనగానే ఆశించేది ఈ రెండవ రకాన్నే. మొదటి రకం ముందు నిలబడి రెండవదాని ప్రశ్నలు అడుగుతాం.

ఈ విషయాలన్నీ కాకపోయినా, ముఖ్యమైన రెండు మూడింటిని వ్రాసి ఆ యువకులకు ఉత్తరం పంపాను. బొమ్మ వేయవద్దనలేదు. క్రింద ‘17వ శతాబ్దపు దక్కను సేనాధిపతి, షేర్ ఖాన్ అన్న పేరు తరువాత వ్రాసినది’ అని వేయమన్నాను. వీలుంటే ప్రక్క పేజీలో మసీదు ఫోటో వేయమన్నాను. జవాబు మర్యాదగానే వచ్చింది.

సంచిక అందింది. నేనిచ్చిన వాక్యం బొమ్మ క్రింద పొల్లుపోకుండా ఉంది. వారి నిజాయితీకి సంతోషించాను. అయితే రెండు కాలాల పేజీలో నిలువెత్తు బొమ్మ ఇమడలేదట. ప్రెస్సువాళ్లు మెడ దగ్గరికి కత్తిరించారు. ముఖం మాత్రం చక్కగా వచ్చింది.